డబుల్ బేస్ అతుకు ఊడితే: బెజవాడ ఎండల్లో ఇంటి మరమ్మతు

వయొలిన్ ఆకారంలోనే మనిషంత ఎత్తుండే వాద్యం డబుల్ బేస్. పాతది కొని ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు చాలామందికి మొదటి వేసవిలోనే ఈ తలనొప్పి మొదలవుతుంది. మిగతా స్వరాలన్నీ బాగానే పలుకుతుంటాయి, లావు తీగ మీద ఏదో ఒక స్వరం దగ్గర మాత్రం జుయ్యిమని రొద వస్తుంది. తీగ పాతబడిందేమో, వేళ్లు నొక్కే ఫింగర్‌బోర్డు అరిగిందేమో, తీగలను మోసే బ్రిడ్జి జరిగిందేమో అని అనుమానాలు. కొందరు కొత్త తీగల సెట్టు కూడా కొనేస్తారు, బేస్ తీగలేమో చవక సరుకు కాదు. రొద మాత్రం పోదు. చివరికి ఎప్పుడో వాద్యాన్ని పక్కకు వాల్చి చూస్తే పైపలకకూ పక్కపలకకూ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు కనిపిస్తుంది. అతుకు ఊడింది.

చూడగానే గుండె జారుతుంది గానీ ఇందులో అంత భయపడాల్సింది లేదు. వయొలిన్ కుటుంబపు వాద్యాలన్నిటిలోనూ ఈ అతుకును కావాలనే చెక్క కంటే బలహీనంగా ఉంచుతారు. ఇంటి మెయిన్ బోర్డులో ఫ్యూజు తీగ సన్నగా ఎందుకుంటుందో ఇదీ అందుకే. ఫ్యూజు పోతే మళ్లీ తీగ చుట్టుకుంటాం. మాటిమాటికీ పోతోందని విసుగొచ్చి మందపాటి తీగ బిగిస్తే, ఈసారి కాలేది గోడలోని వైరింగు. డబుల్ బేస్‌లో అతుకు ఊడాల్సిన సమయంలో ఊడకపోతే పైపలక నిలువునా చీలుతుంది. ఊడిన అతుకు ఒక పూట పని, చీలిన పలక నెలల పని. కాబట్టి ఇంట్లో చేసిన మరమ్మతు మంచిదా చెడ్డదా అన్నది ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది: అవసరమైతే మళ్లీ ఊడేలా అతికించామా, లేక ఇంకెప్పటికీ ఊడకుండా అతికించామా?

విజయవాడ, గుంటూరుల్లో ఈ వాద్యం అరుదు. గుంటూరులో చర్చి సంగీతానికి పాత చరిత్రే ఉంది, లూథరన్ మిషనరీ హేయర్ ఇక్కడికి వచ్చింది 1842లో. అయినా ఇప్పుడు గాయకబృందాల వెనక వినిపించేది కీబోర్డు, గిటారు, బేస్ గిటారు. చెన్నై సినిమా వాద్యబృందాల్లో ఒకప్పుడు డబుల్ బేస్ ఉండేది, కీబోర్డులు ఆ పని తీసుకున్నాక అక్కడా పలచబడింది. దాంతో ఇక్కడ ఎవరి చేతికైనా బేస్ వచ్చిందంటే అది చాలావరకు వేరే ఊరి నుంచి, వేరే గాలి నుంచి వచ్చిన పాత వాద్యమే అయివుంటుంది. దాన్ని బాగుచేసే మనిషి పక్క వీధిలో దొరకడు. వయొలిన్ బాగుచేసేవాళ్లను వెతికితే దొరకవచ్చు, ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత కళాశాల ఉన్న ఊరు కదా. వయొలిన్‌లో అతుకు ఊడటం వాళ్లకు తెలిసిన జబ్బే. అయితే మనిషంత ఎత్తున్న బేస్‌కు సరిపడే క్లాంపులు వాళ్ల దగ్గర ఉంటాయన్న నమ్మకం లేదు. అందుకే ఇంటి మరమ్మతు ఇక్కడ సరదా వ్యవహారం అవ్వదు, చాలాసార్లు అదొక్కటే దారి.

ముందు పెట్టె ఎలా కట్టారో చూద్దాం. చెక్కి తయారుచేసిన బేస్‌లో పైపలక స్ప్రూస్ చెక్క, వెనకపలక, పక్కపలకలు సాధారణంగా మేపుల్ చెక్క. ఎక్కువమంది వాయించే ముప్పావు సైజు వాద్యంలో కింది భాగం వెడల్పు సుమారు 66 సెంటీమీటర్లు, పక్కల లోతు 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ. ఇంత పెద్ద పెట్టెకు పక్కపలక మందం రెండు మూడు మిల్లీమీటర్లే. అంత సన్నటి అంచు మీద జిగురు నిలవదు కాబట్టి లోపలివైపు పొడవునా సన్నటి చెక్క పట్టీ అతికిస్తారు, దాన్ని లైనింగ్ అంటారు. పక్కపలక అంచు, లైనింగ్ రెండూ కలిపితే వేలి వెడల్పైనా లేని ఆ గట్టు మీద పైపలక కూర్చుంటుంది. స్టీలు తీగలు నాలుగూ కలిసి లాగే బలం 100 కిలోలు దాటుతుంది. ఆ ఒత్తిడి బ్రిడ్జి గుండా పైపలక మీదికి, అక్కడి నుంచి అంచులకు వెళ్తుంది.

ఇక చెక్క సంగతి. చెక్కలో గీతలు సాగే దిశే పోగు. పోగు పొడవునా చెక్క దాదాపు కదలదు. పోగుకు అడ్డంగా మాత్రం గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పక్కపలకల పోగు వాద్యం చుట్టుకొలత వెంబడి సాగుతుంది కాబట్టి ఆ చట్రం కొలత ఏడాదంతా ఒకేలా ఉంటుంది. పైపలక పోగు మెడ నుంచి కిందికి నిలువుగా ఉంటుంది, అంటే అది ముడుచుకునేది సరిగ్గా వెడల్పులో. నిలువు పోగుతో కోసిన స్ప్రూస్ చెక్కలో తేమ ఒక్క శాతం మారితే వెడల్పు సుమారు 0.13 శాతం మారుతుంది. చెక్కలో తేమ 12 శాతం నుంచి 8 శాతానికి దిగిందనుకుంటే 66 సెంటీమీటర్ల వెడల్పు మీద మూడు మిల్లీమీటర్లకు పైనే తగ్గాలి. వయొలిన్‌లో ఇదే లెక్క ఒక మిల్లీమీటరు దగ్గర ఆగిపోతుంది. బేస్‌కు అతుకుల బాధ ఎక్కువ ఎందుకో ఈ ఒక్క లెక్క చెప్పేస్తుంది. పలక మూడు మిల్లీమీటర్లు తగ్గాలంటుంది, చట్రం ఒప్పుకోదు. మధ్యలో ఏదో ఒకటి తెగాలి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన సామెత. మే చివర్లో బెజవాడలో మధ్యాహ్నం వీచే వడగాలికి తేమ బాగా పడిపోతుంది. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరే అయినా పడమటి నుంచి పొడిగాలి తోసుకొచ్చే రోజుల్లో నది పక్కనుండీ ప్రయోజనం ఉండదు. జూన్ దాటాక అదే ఊళ్లో బట్టలు ఆరవు. అక్టోబర్, నవంబర్లలో తుపాను వానలు సరేసరి. పైగా ఏసీ గది ఉంటే అక్కడ వేరే వాతావరణం: రాత్రంతా పొడి చల్లగాలి, పగలు తలుపు తీయగానే ఉక్క. వాద్యానికి చలి, వేడి ఒకదాని తర్వాత ఒకటి రావడం కంటే తేమ ఎక్కువతక్కువలు కావడం చేటు. స్లాబు కింద, డాబా మీది గదిలో పెట్టిన బేస్‌కు మే నెల పరీక్షే. ఏసీ గాలి నేరుగా తగిలే మూల అంతకంటే చెడ్డది. తేమ చూపించే చిన్న మీటరు ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతుంది, దాన్ని వాద్యం పక్కన పెడితే రెండు నెలల్లో సగం కథ అర్థమవుతుంది.

ప్లైవుడ్ బేస్‌ల సంగతి కొంచెం వేరు. పొరలు అడ్డంగా, నిలువుగా పేర్చి అతికించినవి కాబట్టి పలక అంతగా ముడుచుకోదు. వాటిలో అతుకు ఊడిందంటే ఎక్కువగా ఫ్యాక్టరీలో జిగురు సరిగ్గా పడకపోవడమో, లారీలో తగిలిన దెబ్బో, అంతకుముందు ఎవరో చేసిన అరకొర రిపేరో అయివుంటుంది. పాత వాద్యంగా చేతులు మారుతున్న వాటిలో ప్లైవుడ్‌వి చాలానే ఉంటాయి. చేయి తిరగాలనుకునేవాళ్లకు అలాంటిదే మేలు, తప్పు జరిగినా నష్టం తక్కువ.

చెక్క, జిగురు వ్యవహారం ఈ ప్రాంతానికి తెలియనిదేమీ కాదు. నూజివీడులో, బొబ్బిలిలో వీణ చేసేవాళ్లు కుండను, దండిని ఒకే పనస దుంగలోంచి తొలిచే పద్ధతి ఉంది, ఏకాండి వీణకు ఆ చోట అతుకే ఉండదు. కొండపల్లి బొమ్మల్లో తెల్ల పొణికి ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో కలుపుతారు. బొమ్మ మీద తీగల లాగుడు లేదు కాబట్టి ఆ అతుకు శాశ్వతంగా ఉంటే మంచిదే. డబుల్ బేస్‌కు ఆ రెండు దారులూ మూసుకుపోయాయి. దుంగలోంచి తొలవడానికి సైజు కుదరదు, శాశ్వతంగా అతికిస్తే చెక్క ఊరుకోదు.

అసలు గొడవంతా జిగురు దగ్గరే. ఇంట్లో ఏ చెక్క ఊడినా మన చేయి ఫెవికాల్ డబ్బా మీదికే పోతుంది. 1959 నుంచి దేశంలో వడ్రంగి పనికి అదే మారుపేరు అయిపోయింది, బీరువాకు, మంచానికి దాన్ని మించింది లేదు కూడా. బేస్ అతుక్కు పనికిరాకపోవడానికి కారణం దాని నాణ్యతతో సంబంధం లేనిది. ఆ తెల్ల జిగురు ఆరాక చెక్క కంటే గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి వచ్చే మేలో చీలేది పలక. మరో పక్క, ఎడతెగని లాగుడు కింద అది నెమ్మదిగా సాగుతుంది. గట్టిదనమూ సాగడమూ రెండూ ఎలాగంటే, ఒక్కసారిగా తగిలిన దెబ్బకు తెగదు, నెలల తరబడి ఉన్న బరువుకు కొద్దికొద్దిగా జరుగుతుంది. ఇవన్నీ ఒకెత్తు, అది చెక్క పోగుల్లోకి ఇంకాక వేరే జిగురేదీ అక్కడ సరిగ్గా పట్టదు. తర్వాత సరిచేయాలంటే ఆ పొరంతా గీకి తీసేయాలి, గీకితే చెక్కా పోతుంది. ఫెవిక్విక్ లాంటివి వార్నిష్ మీదికి కారి మచ్చ చేస్తాయి. అరాల్డైట్ వాడితే ఇంక ఎవరూ ఆ అతుకును మర్యాదగా విప్పలేరు. పాత బేస్ కొనేముందు అంచుల వెంబడి తెల్లటి, రబ్బరులాంటి, లేదా గాజులా మెరిసే జిగురు కనిపిస్తే ధర తగ్గించమని అడగడానికి అది చాలిన కారణం.

వాడాల్సింది తోలు జిగురు. పశువుల చర్మంలోని కొల్లాజెన్‌ను ఉడికించి తీసిన పదార్థం, గోధుమరంగు పలుకులుగా అమ్ముతారు. ఆరితే గట్టిగా, పెళుసుగా ఉంటుంది, సాగదు. వేడినీళ్లు తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. పాత తోలు జిగురు మీద కొత్తది కలిసిపోతుంది, అందువల్ల ప్రతిసారీ చెక్కదాకా గీకాల్సిన పని ఉండదు. వందల ఏళ్లుగా వయొలిన్ తయారీదారులు దీన్ని వదలకపోవడానికి సంప్రదాయం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అది దొరికేలోపు పని ఆగకూడదనుకుంటే, బేకరీ సామాన్ల షాపులో దొరికే రుచి, రంగు కలపని జెలటిన్ కూడా అదే జాతి పదార్థం, చిన్న అతుకుకు సరిపోతుంది. చైనా గ్రాస్ మాత్రం వద్దు. రెండూ జెల్లీకే వాడతారు కాబట్టి ఒకటే అనుకుంటారు, అది సముద్రపు నాచు నుంచి వచ్చేది, చెక్కను పట్టదు. సీసాలో ద్రవంగానే ఉండే తోలు జిగురు కూడా అమ్ముతారు. గడ్డకట్టకుండా అందులో యూరియా లాంటివి కలుపుతారు, తేమకు తొందరగా మెత్తబడుతుంది, నిల్వకు గడువూ ఉంటుంది. ఆగస్టు బెజవాడలో దాన్ని నమ్ముకోవడం అంత తెలివైన పనిగా కనిపించదు.

కలపడం వంటింటి పనే. బరువు లెక్కన ఒక వంతు పలుకులకు రెండు వంతుల చల్లటి నీళ్లు పోసి అవి ఉబ్బేదాకా, గంటో రెండు గంటలో, నానబెట్టాలి. తర్వాత నేరుగా మంట మీద పెట్టకూడదు, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కాచాలి. మన ఇళ్లలో ఈల వేసే పాత పాల కుక్కర్ ఉంటే దాని రెండు గోడల మధ్య నీళ్లు పోయడానికి వీలుంటుంది కాబట్టి ఇంతకంటే అనువైన పాత్ర లేదు. జిగురు వేడి 60 నుంచి 63 డిగ్రీల మధ్య ఉండాలి, 70 దాటితే బలం పోతుంది. వంటకు వాడే థర్మామీటరు చాలు. అతుకులకు ఇంకాస్త నీళ్లు కలిపి పలచన చేస్తారు, కావాల్సిన బలహీనత వచ్చేది అక్కడే. కుంచె ఎత్తితే నూనెలా ధారగా జారాలి. శాకాహారుల ఇంట్లో ఈ పాత్ర వంటింట్లోకి రానివ్వరు, అది న్యాయమే, దీనికంటూ వేరే గిన్నె, వేరే స్టవ్ పెట్టుకోవడం మంచిది. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే కొన్ని రోజులు ఉంటుంది. బయట వదిలేస్తే మన ఎండకు మర్నాటికే కుళ్లు వాసన కొడుతుంది, బొద్దింకలకూ విందే.

చలి దేశాల పద్ధతిని ఇక్కడ యథాతథంగా దించుకుంటే ఒక చిక్కుంది. ఈ జిగురు మొదట చల్లారి జెల్లీలా గడ్డకట్టి పట్టు ఇస్తుంది, ఆ తర్వాత నీరు ఆరిపోయి గట్టిపడుతుంది. గడ్డకట్టేది దాదాపు 30, 35 డిగ్రీల దగ్గర. చల్లని దేశాల్లో క్లాంపు బిగించేలోపే గడ్డకడుతుందని కంగారుపడి గదిని వేడి చేసుకుంటారు. విజయవాడలో మే మధ్యాహ్నం గదే 40 డిగ్రీలు ఉంటే అది గడ్డకట్టనే కట్టదు, నీళ్లగానే ఉండి కారుతుంది, చెక్క పీల్చేసుకుంటుంది. పనికి తీరుబడి దొరికింది కదా అనిపిస్తుంది గానీ పట్టు రాదు. వేసవిలో అయితే తెల్లవారుజామున గానీ, ఏసీ వేసిన గదిలో గానీ చేయాలి. వానాకాలంలో గడ్డకట్టడం బాగానే ఉంటుంది, ఆరడమే ఆలస్యం, క్లాంపులు ఒక రోజుకు బదులు రెండు రోజులు ఉంచాలి.

ఏ నెలలో అతికించాలి అన్నది ఇంకా లోతైన ప్రశ్న. ఆగస్టులో పలక పూర్తిగా ఉబ్బి ఉన్నప్పుడు అతికిస్తే, మే వచ్చేసరికి అది ముడుచుకుంటూ అతుకును లాగుతుంది. పోగుకు అడ్డంగా లాగుడును చెక్క ఓర్చుకోలేదు, నొక్కుడును కొంత ఓర్చుకుంటుంది. అంచేత కాస్త పొడిగా ఉన్న కాలంలో అతికించడమే సురక్షితం, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడి వాతావరణం అందుకు అనుకూలం. మేలో ఊడిన అతుకును మేలోనే అతికించవచ్చా? చేత్తో మెల్లగా నొక్కితే పలక అంచు, పక్కపలక వాటి పాత చోట్లో కలుస్తుంటే అతికించవచ్చు. పలక ముడుచుకుపోయి పక్కపలక బయటికి పొడుచుకొచ్చి ఉంటే మాత్రం లాగి బిగించకూడదు. తీగలు కొంత వదులు చేసి, వాద్యాన్ని పొడిగాలి తగలని గదిలో పెట్టి కొన్ని వారాలు ఆగితే తొలకరి తేమకు పలకే తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి వదిలేయమని దీని అర్థం కాదు. తెరిచి ఉన్న సందులో దుమ్ము చేరుతుంది, పక్క భాగం మీద భారం పెరిగి సందు పొడవవుతుంది.

ఎక్కడెక్కడ ఊడిందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. వేలి కణుపుతో అంచు వెంబడి రెండు మూడు సెంటీమీటర్లకోసారి తట్టుకుంటూ పోవాలి. అతుకు గట్టిగా ఉన్నచోట టక్కుమని ఒకటే చప్పుడు, ఊడినచోట రెండు చెక్కలు కొట్టుకున్నట్టు చిటపట వస్తుంది. అనుమానం ఉన్నచోట పెన్సిల్ గుర్తు వార్నిష్ మీద పెట్టకుండా మాస్కింగ్ టేపు ముక్క అంటించి దాని మీద రాయాలి. తర్వాత పలచటి కాగితం దూర్చి ఎంత లోతుకు పోతోందో చూడాలి. పైపలకతో ఆగకుండా వెనకపలక అంచు కూడా తట్టాలి, చాలామంది అక్కడ చూడటం మరిచిపోతారు. సమతలంగా ఉన్న వెనకపలక గల వాద్యాల్లో లోపల అడ్డంగా చెక్క బద్దలు ఉంటాయి, పలక ముడుచుకుంటే అంచులతోపాటు ఆ బద్దలూ ఊడతాయి. రొద అక్కడి నుంచి వస్తుంటే బయటి అతుకు ఎంత అతికించినా పోదు. ఇంకో మోసం కూడా ఉంది: పలక, పక్కపలక బాగానే ఉండి లోపలి లైనింగ్ మాత్రం వదిలి ఉంటుంది. ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి చిన్న అద్దం, ఫోను టార్చి పెట్టి చూస్తే తెలుస్తుంది.

పాత జిగురు ఏ రకమో పరీక్షించడం సులువు. సందులో కనిపించే చోట గోరువెచ్చని నీటి చుక్క పెట్టి కొన్ని నిమిషాలు ఆగాలి. మెత్తబడి బంకలా సాగితే తోలు జిగురే. తెల్లగా ఉబ్బి రబ్బరులా వస్తే ఫెవికాల్ జాతి. ఏమీ కాకపోతే అరాల్డైట్ లాంటి ఎపాక్సీ. మొదటిది అయితే ఇంటి పని. రెండోది అయితే సన్నటి చాకుతో, వేడి తడితో ఓపికగా తీయాలి, ఒకటి రెండు అంగుళాల మేర అయితే ప్రయత్నించవచ్చు. మూడోది అయితే ఆ రోజుకు చేతులు కడుక్కోవడమే. శుభ్రం చేసేటప్పుడు నీళ్లు ఒలికించకూడదు. సన్నటి స్టీలు బద్దకు పలచటి గుడ్డ చుట్టి, వేడినీళ్లలో ముంచి పిండి, సందులో నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఆడించాలి. వార్నిష్ మీద నీళ్లు నిలిస్తే తెల్లమచ్చ వస్తుంది, స్పిరిట్ తగిలితే వార్నిషే కరగవచ్చు.

క్లాంపుల విషయంలో మన వన్‌టౌన్ హార్డ్‌వేర్ షాపులు బాగా పనికొస్తాయి. వడ్రంగి జి-క్లాంపు బరువెక్కువ, ఒత్తిడీ ఎక్కువ, స్ప్రూస్ అంచును నొక్కేస్తుంది. సొంతంగా చేసుకోవడమే మేలు. ఆరు లేదా ఎనిమిది మిల్లీమీటర్ల థ్రెడ్ రాడ్డు మీటరు ముక్క కొంటే 30 సెంటీమీటర్ల క్లాంపులు మూడు వస్తాయి. రెండు చివర్లా నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి చెక్క బిళ్లలు, వాషర్లు, ఒక వైపు మామూలు నట్టు, రెండో వైపు చేత్తో తిప్పే చెవుల నట్టు. బిళ్లల లోపలివైపు తోలు గానీ రబ్బరు షీటు గానీ అంటించాలి. రాడ్డు మర వాద్యానికి రాసుకోకుండా మేస్త్రీలు వాడే లెవల్ పైపు ముక్క తొడగాలి. రాడ్డు వాద్యం బయటే నిలబడి ఉంటుంది, బిళ్లలు పైపలక, వెనకపలక అంచుల్ని రెండు వైపుల నుంచీ పట్టుకుంటాయి. ఐదారు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఒక అడుగు సందుకు అరడజను కావాలి. వేళ్లతో బిగించినంత బిగువు చాలు, పట్టకారుతో బిగించాల్సి వస్తోందంటే ఎక్కడో పలక, చట్రం కలవడం లేదనే అర్థం.

తీగలు వదులు చేయాలి గానీ పూర్తిగా విప్పకూడదు. లోపల సౌండ్ పోస్ట్ అనే కర్ర జిగురు లేకుండా కేవలం పలకల మధ్య ఒత్తిడితోనే నిలబడి ఉంటుంది. తీగలన్నీ ఒకేసారి వదిలేస్తే బ్రిడ్జి పడుతుంది, వెనకాలే ఆ కర్ర కూడా పడవచ్చు. దాన్ని తిరిగి నిలబెట్టడం అతుకు వేయడం కంటే పెద్ద పని. బ్రిడ్జి కదలకుండా నిలిచేంత బిగువు ఉంచి, వాద్యాన్ని పరుపు మీద గానీ దుప్పట్ల మీద గానీ పడుకోబెట్టాలి.

జిగురు లేకుండా ఒకసారి క్లాంపులన్నీ బిగించి సందు మూసుకుంటోందో లేదో చూసుకోవాలి. ఈ రిహార్సల్ మానేసినవాళ్లే తర్వాత చేతినిండా జిగురుతో కంగారు పడతారు. అన్నీ బిగించి ఉంచి, ఒక కొస నుంచి రెండేసి క్లాంపులు మాత్రమే వదులు చేస్తూ పోవడం మంచి పద్ధతి. సందును హెయిర్ డ్రయ్యర్‌తో కొన్ని క్షణాలు వెచ్చబెట్టి, పలచటి బద్ద మీద వేడి జిగురు తీసుకుని లోపలికి తోయాలి. బొటనవేలితో పలకను మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉంటే జిగురు తనంతట తాను లోపలికి పీల్చుకుపోతుంది. వెంటనే ఆ రెండు క్లాంపులూ బిగించి, తర్వాతి రెండు వదులు చేయాలి. సందు పొడవునా చిన్న చిన్న జిగురు పూసలు బయటికొస్తే లోపలిదాకా చేరినట్టే. ఎక్కడైనా రాకపోతే ఆ చోట మళ్లీ పెట్టాలి. బయటికొచ్చిన దాన్ని వేడినీళ్లలో పిండిన గుడ్డతో అప్పుడే తుడిచేయాలి, తర్వాత పొడి గుడ్డతో. రోజంతా వదిలేశాక క్లాంపులు తీసి, తీగలు ఒకేసారి బిగించకుండా ఒకటి రెండు రోజుల్లో కొద్దికొద్దిగా శ్రుతికి తేవాలి, మధ్యమధ్యలో బ్రిడ్జి ముందుకు వాలుతోందేమో గమనించుకోవాలి. మళ్లీ అంచంతా తట్టి చూడాలి. ఒకచోట మూస్తే దాని పక్కన అంతకుముందు బయటపడని సందు ఒకటి బయటపడటం మామూలే.

ఇంట్లో ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. మెడ వచ్చి పెట్టెను కలిసే మడమ దగ్గర వెనకపలక వదిలితే తీగల లాగుడంతా పడేది అక్కడే, అది నిపుణుల పని. లోపల అడుగున ఉండే చెక్క దిమ్మ వదలడం, బ్రిడ్జి కింద పలక కుంగడం, సౌండ్ పోస్ట్ ఉన్నచోట చీలిక, పైపలక లోపలివైపు నిలువుగా అతికించిన బేస్ బార్ అనే బద్ద ఊడటం కూడా అంతే. చెన్నైకో బెంగళూరుకో తీసుకెళ్లాల్సి వచ్చినా అలాంటప్పుడు వెనకాడకూడదు. పెద్ద విలువైన చెక్కుడు వాద్యం అయితే మామూలు అతుకు కూడా మొదటిసారి తెలిసినవాళ్లతో చేయించి, పక్కన నిలబడి చూసుకోవడం నయం.

వరద మరో కథ. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటి నీటిలో నానిన తోలు జిగురు వాద్యానికి అతుకులన్నీ ఒకేసారి వదులుతాయి, ప్లైవుడ్ అయితే పొరలు విడతాయి. ఎండలో పెట్టి ఆరబెట్టడం అన్నిటికంటే చేటు, వంకరపోయిన పలక మళ్లీ సరికాదు. బురద తుడిచి, తీగలు వదులు చేసి, నీడలో గాలి ఆడేలా వారాల తరబడి ఆరనివ్వాలి. ఊడిన ముక్కలు ఎంత చిన్నవైనా కవర్లో వేసి దాచాలి. జిగురు ఆలోచన ఆ తర్వాతే.

సరిగ్గా అతికించిన అతుకు కూడా రెండు మూడేళ్లకు ఊడవచ్చు, అది లెక్కలోదే. ప్రతి మేలోనూ అదే చోట, అదే పొడవున ఊడుతుంటే మాత్రం జిగురును అనుమానించడం మానేయాలి. పలక శాశ్వతంగా కుంచించుకుపోయి చట్రం దానికి పెద్దదైపోయిందన్నమాట. పాత వాద్యాల్లో ఇది తరచూ ఉండేదే, పక్కపలకను చివర దిమ్మ దగ్గర విప్పి కొన్ని మిల్లీమీటర్లు కుదించి మళ్లీ అతికిస్తారు. పని తెలిసినవాళ్లే చేయాల్సింది. ఏ నెలలో, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఊడింది, ఆ రోజు తేమ మీటరు ఎంత చూపించింది అని ప్రతిసారీ రాసిపెట్టుకున్న కాగితం ఒకటి ఉంటే, వాళ్లకు సగం పని తగ్గుతుంది.